మాటల పుట్టిల్లు – 7వ పాఠం: ముక్తసరికి ఊరు లేదు

పోయిన పాఠం చివర ఒక్కటే పని ఇచ్చాను. 'ముక్తసరి' అనే మాట పుట్టిల్లు వెతికి, ఎలా వెతికారో నాలుగు వాక్యాల్లో రాసి పంపమన్నాను. ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు కలిపి పెద్ద కట్టే వచ్చింది. అందులో సరైన జవాబులు రెండు.

ఈ పాఠంలో 'చమత్కారం' మొదలుపెడదామనుకున్నాను. ఇప్పుడు పెట్టను. ముక్తసరి దగ్గర కాలుజారిన వాళ్లు చమత్కారం దగ్గర ఇంకా గట్టిగా పడతారు. అందుకని ఈసారి అంతా పోయిన పాఠం మీదే.

తప్పులో నా వంతు కూడా ఉంది. ఆరో పాఠంలో 'లాకోనిక్' అనే ఇంగ్లీషు మాట కథ ఒక్కటే ఉదాహరణగా చెప్పి వదిలేశాను. గ్రీసు దేశానికి దక్షిణాన లాకోనియా అనే ప్రాంతం ఉంది, అందులో స్పార్టా ఉంది, అక్కడి వాళ్లు తక్కువ మాటల్లో సూటిగా, పదునుగా మాట్లాడేవాళ్లు, అందుకే ప్రాంతం పేరే ఆ తీరు మాటకు పేరైంది అన్నాను. మాసిడోనియా రాజు ఫిలిప్ "నేను లాకోనియాలో అడుగుపెట్టానంటే మిమ్మల్ని వెళ్లగొడతాను" అని కబురు పంపితే, స్పార్టా వాళ్లు "పెడితే" అని ఒక్క మాట రాసి పంపారని పాత గ్రీకు రచయిత ప్లూటార్క్ చెప్పిన సంగతి కూడా చెప్పాను. (ఒకరు "అది 'అయితే' అని ఉండాలి కదా మాస్టారూ" అని అడిగారు. గ్రీకులో షరతుకు విడి మాట ఉంది, వాళ్లు ఆ ఒక్క మాటే పంపారు. మనకు షరతు క్రియ చివర '-తే' అయి అంటుకుని ఉంటుంది. అందుకే 'పెడితే' అన్నాను.)

కథ మీకు బాగా నచ్చింది. నచ్చడంతో క్లుప్తంగా మాట్లాడడానికి సంబంధించిన ప్రతి మాటకూ ఎక్కడో ఒక ఊరు ఉంటుందని చాలామంది అనుకున్నారు. ఫోన్‌లో వెతికారు. ఊరు దొరికింది కూడా!

పంజాబ్‌లో ముక్త్‌సర్ ఉంది. 1705లో గురు గోవింద్ సింగ్ సైన్యానికి, మొఘలుల సైన్యానికి అక్కడ యుద్ధం జరిగింది. అందులో ప్రాణాలిచ్చిన నలభై మంది సిక్కులను 'చాలీ ముక్తే' అంటారు, అంటే ముక్తి పొందిన నలభై మంది. అక్కడి కొలను ముక్తి సరస్సు, దాని మీదే ఊరి పేరు. "ఆ వీరులు తక్కువ మాట్లాడి ఎక్కువ చేశారు, అందుకే ముక్తసరి" అని పాలకొండ తమ్ముడొకరు రాశాడు. ఊరి పేరు విడగొట్టడం తప్పు కాదు, ముక్త్ వేరు, సర్ వేరు. దాన్ని తెచ్చి మన మాటకు అంటగట్టడమే తప్పు. ఆ యుద్ధానికీ పొదుపు మాటలకీ సంబంధం చెప్పే ముక్క ఒక్కటీ అతని జవాబులో లేదు. 'తక్కువ మాట్లాడారు' అన్నది కథ సరిపోవడం కోసం అతనే కలిపాడు. లాకోనియా సంగతి అలా కాదు. స్పార్టా వాళ్ల మాటతీరు గురించి పాత గ్రీకు రచయితలే మళ్లీమళ్లీ రాశారు.

ఇక రెండో గుంపు. కట్టలో సగానికి పైగా వీళ్లే. ముక్త + సరి. "ముక్తం అంటే విడిచిపెట్టినది, సరి అంటే చాలు. విడిచిపెట్టవలసినవి విడిచి, సరిపడా చెప్పడం." ఈ విడగొట్టుడు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అలవాటుగా చేసే పని కాబట్టి ఇది తప్పని ఎవరికీ అనిపించదు. అందుకే దీని మీద కొంచెం ఎక్కువసేపు కూర్చుందాం.

మొదటి ప్రశ్న. తెలుగులో ఇంకెక్కడైనా 'ముక్త' అంటే తక్కువ మాట అనే అర్థం ఉందా? బంధముక్తుడు, జీవన్ముక్తుడు, విముక్తి, అన్నిటా విడుదలే. 'ముక్తకంఠంతో' అంటే గొంతు విప్పి, గట్టిగా. అది ముక్తసరికి పూర్తిగా ఎదురు.

బొబ్బిలి నుంచి ఒక తెలుగు పండితుడు గట్టి వాదన పట్టుకొచ్చారు. "ముక్తకం ఉంది కదా మాస్టారూ, ఒక్క పద్యంలో విషయం ముగుస్తుంది" అని. ఇది కొట్టిపారేసే మాట కాదు, నేనూ ఒక పూట ఆగి ఆలోచించాను. కానీ ముక్తకానికి ఆ పేరు చిన్నదైనందుకు రాలేదు. ముందు పద్యంతో గానీ వెనక పద్యంతో గానీ ముడి లేకుండా విడిగా నిలబడుతుంది కాబట్టి వచ్చింది. వేమన పద్యాన్ని ఎక్కడ తెరిచి చదివినా అర్థమవుతుంది, అదీ ముక్తకం. సీసపద్యం పొడుగ్గా ఉన్నా, విడిగా నిలబడితే ముక్తకమే.

రెండో ప్రశ్న. 'సరి' అనే ముక్క వేరే మాటల చివర చేరి, మాట్లాడే తీరునో పని చేసే తీరునో చెప్పిన చోటు ఉందా? గడుసరి, సొగసరి గుర్తొచ్చి ఉంటాయి. వాటిలో 'సరి' లేదు. గడుసు + అరి, సొగసు + అరి. నేర్పు + అరి నేర్పరి అయినట్టే. 'అరి' చేరితే మనిషి అవుతాడు, తీరు అవదు. గడుసరి వచ్చాడు అంటాం, ముక్తసరి వచ్చాడు అనం. కానీ ఇలాంటి మాటల మోత మన చెవిలో ఉంది. బయటి మాట వచ్చినప్పుడు దాని తోక మనకు తెలిసిన మోతలోకి ఒదిగిందని నా నమ్మకం.

మూడో ప్రశ్న చాలామందికి తట్టనే లేదు. ఈ మాట పక్క భాషల్లో ఉందా? ఉంటే ఏ రూపంలో ఉంది? నేనైతే మొదట ఇదే చూస్తాను, మాటను ముక్కలు చేయడం చివరి పని. మీరు ముక్కలు చేయడంతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోయారు. ఉర్దూలో, హిందీలో 'ముఖ్తసర్'. మరాఠీలోనూ 'ముఖ్తసర్'. అన్ని చోట్లా అర్థం ఒక్కటే, కుదించినది, చిన్నది. ముక్తి సరస్సు నుంచి వచ్చి ఉంటే ఆ 'ఖ' ఎక్కడిది?

సరైన జవాబు రాసిన ఇద్దరిలో ఒకమ్మాయి శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతోంది. తను ఏ పుస్తకమూ తిప్పలేదు. పక్కింట్లో ఉర్దూ మాట్లాడే మామ్మగారు ఉన్నారట. గోడ దగ్గర నిలబడి "మామ్మా, ముక్తసరి అంటే మీ భాషలో ఏమైనా ఉందా?" అని అడిగింది. ఆవిడ బియ్యం ఏరుతూ తలెత్తకుండానే "ముఖ్తసర్. చిన్నగా చెప్పడం. ఎందుకమ్మా?" అన్నారు. అమ్మాయి ఆ 'ఖ'ను మూడుసార్లు పలికించుకుని, అది గొంతు లోపలి నుంచి రాపిడిగా వస్తోందనీ, మన 'ఖ' అలా ఉండదనీ రాసింది. ఆ ఒక్క వాక్యానికే నేను పూర్తి మార్కులు వేశాను. రెండో ఆయన నరసన్నపేట దగ్గర దస్తావేజులు రాసే పెద్దాయన. కాగితాల్లో ఇలాంటి మాటల మధ్యే బతికినవారు కాబట్టి ఆయనకు కష్టం కాలేదు.

మన జిల్లాలవాళ్లకు ఈ విద్యలో పెద్ద గురువు గిడుగు రామమూర్తి పంతులుగారే. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, సవరలు మాట్లాడే భాష వాళ్ల నోటి నుంచే నేర్చుకుని, వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. మాట ఎవరి నోట ఉందో వాళ్ల గడప ఎక్కాలి. మన ఊళ్లలో ఒడియా మాట్లాడేవారున్నారు, ఉర్దూ మాట్లాడేవారున్నారు, సవర, కువి మాట్లాడేవారున్నారు. వీళ్లను అడగకుండా ఫోన్‌లో పంజాబ్ దాకా వెళ్లడం నాకు నచ్చలేదు.

సరే, మాట దారి చూద్దాం. ముఖ్తసర్ అరబీ మాట. పారశీకంలోకి వెళ్లి, అక్కడి నుంచి కచేరీ (ప్రభుత్వ కార్యాలయం) మాటలతో పాటు దక్కనుకు వచ్చింది. దాని ధాతువులో మూడు హల్లులు, ఖ-స-ర. ఆ ధాతువు నుంచే అరబీలో నడుముకు 'ఖస్ర్' అనే మాట ఉంది. చట్టాల మీదా శాస్త్రాల మీదా రాసిన పెద్ద గ్రంథాలను కుదిస్తే ఆ కుదించిన పుస్తకాన్ని 'ముఖ్తసర్' అనేవాళ్లు.

ఇది మన దాకా ఎలా వచ్చింది? గోల్కొండ కుతుబ్ షాహీల కాలంలో శ్రీకాకుళం ఫౌజుదారు, అంటే పాలన చూసే సైనికాధికారి, ఉండే చోటు. అక్కడి జామియా మసీదును 1641లో కట్టించినది ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్. తరువాత నిజాం కింద ఉత్తర సర్కారుల్లో శ్రీకాకుళం ఒక సర్కారు. 'సర్కారు' కూడా పారశీకమే. పన్ను లెక్కల్లో, తగవుల్లో, భూమి కాగితాల్లో ఆ భాష నడిచింది. జమా, ఖర్చు, బాకీ, వసూలు, హాజరు, ఫిర్యాదు, రుజువు, హద్దు, హక్కు అన్నీ ఆ దారిన వచ్చినవే. ముక్తసరి కూడా ఆ బండిలోనే వచ్చింది.

రూపం ఎలా మారిందో వేలు పెట్టి చూపిస్తాను. గొంతు 'ఖ' మనకు లేదు. హల్లు ముందు అది 'క' అయిపోతుంది. బఖ్షీష్ మనకు బక్షీసు అయింది చూడండి. అలాగే ముఖ్త- ముక్త- అయింది. హల్లుతో ముగిసే మాట మన నోట అచ్చుతో ముగుస్తుంది, జవాబ్ జవాబు అయినట్టు. ముక్తసర్ ముక్తసరు అవ్వాలి, ఆ రూపం రాసేవాళ్లూ ఉన్నారు. 'గా' చేరేటప్పుడు ముక్తసరిగా అని నిలబడిపోయింది.

ఇక్కడ నేను వాడే అడ్డదారి ఒకటి చెప్తాను. అరబీలో క్రియ నుంచి మాటలు తయారయ్యేటప్పుడు ముందు 'ము' చేరడం చాలా మామూలు. మునసబు, ముసాయిదా, ముద్దాయి, ముసాఫరు. కచేరీ వాసన ఉన్న మాట 'ము'తో మొదలైతే నేను ముందు అటు చూస్తాను. కానీ జాగ్రత్త, ముద్ద, ముల్లు, ముక్క మన సొంతం, ముఖ్యం, ముక్తి సంస్కృతం. 'ము' తలుపు మాత్రమే. లోపల ఎవరున్నారో మళ్లీ చూడాలి.

ముద్దాయిని చూడండి. అరబీలో ముద్దఈ అంటే దావా వేసినవాడు. మన కోర్టుల్లో ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు. మాట అదే, మనిషి బోను మారిపోయాడు. అంటే దారిలో రూపమే కాదు, అర్థమూ మారుతుంది. ముక్తసరి విషయంలోనూ కొంత మారింది. ఉర్దూలో ముఖ్తసర్ అంటే చిన్నది, అంతే. అందులో కోపం లేదు, ముఖం తిప్పుకోవడం లేదు. తెలుగులో "ముక్తసరిగా జవాబిచ్చాడు" అంటే మాట్లాడే మనసు లేక రెండు ముక్కలు విసిరాడని. చమత్కారం అసలే లేదు. లాకోనిక్‌లో చురుకు ఉంది, ముక్తసరిలో చల్లదనం ఉంది. అందుకే లాకోనిక్‌కు తెలుగు మాటగా ముక్తసరి పెట్టొద్దు.

నేను విజయనగరంలో హాస్టల్లో ఉన్నప్పుడు మా నాన్నగారు పాలకొండ దగ్గరి పల్లె నుంచి కార్డు రాసేవారు. ఒకటి ఇంకా నా దగ్గర ఉంది. "క్షేమం. నాగావళికి నీళ్లొచ్చాయి. ఉభాలు అయ్యాయి. డబ్బు వచ్చే వారం. చలికి దుప్పటి కప్పుకో." ఐదు వాక్యాలు (ఉభాలంటే వరి నాట్లు), సగం కార్డు ఖాళీ. దీన్ని ముక్తసరి అనగలరా? అనలేరు. ఆ చివరి వాక్యం అననివ్వదు. క్లుప్తం అనాలి.

అలా అంటే వెంటనే ఒక ప్రశ్న వస్తుంది, ఆమదాలవలస చెల్లెమ్మ అడగనే అడిగింది. "ముక్తసరి బయటిదైతే, క్లుప్తమైనా మనదేనా?" కాదమ్మా. వర్ణమాలలో ఌ అనే అక్షరం దిద్దాం గుర్తుందా? సంస్కృతంలో ఆ అక్షరమున్న ధాతువు ఒక్కటే, కౢప్. దాని నుంచి కౢప్తం. అమర్చినది, తీర్చినది అని అర్థం. గోళ్లు, జుట్టు కత్తిరించుకోవడానికీ ఆ మాట వాడారు. మనుస్మృతి ఆరో అధ్యాయంలో సన్యాసిని 'కౢప్తకేశనఖశ్మశ్రుః' అంటారు. జుట్టు, గోళ్లు, గడ్డం కత్తిరించుకున్నవాడు. ఆ కత్తిరింపే తెలుగులో మాటల మీదికి వచ్చి క్లుప్తమైంది. సంక్షిప్తం క్షిప్ ధాతువు, విసరడం. సంగ్రహం పట్టుకోవడం. ఇవి మీరే చూసుకోగలరు.

సొంత మాట కావాలంటే నాకిష్టమైనది 'రెండు ముక్కల్లో'. ముక్క అంటే తునక, ముక్క అంటే మాట కూడా. నేను క్లాసులో ఎప్పుడూ "ఒక్క ముక్కలో చెప్పు" అనే అంటాను. రామాయణాన్ని 'కట్టె, కొట్టె, తెచ్చె' అని మూడు క్రియల్లో ముగించిన భాష మనది. కర్త లేదు, కర్మ లేదు, అయినా వారధి, రావణుడు, సీత ముగ్గురూ కనిపిస్తారు.

ఇంకొక్కటి, సిక్కోలు, శ్రీకాకుళానికి మన వాడుక పేరు. సగం మంది జవాబుల చివర దీన్నీ జతచేసి అడిగారు. శిస్తు సంచులు అక్కడికి చేరాక మూతి విప్పేవారనీ, 'సిక్కా ఖోల్' (నాణేలు విప్పు) నుంచి సిక్కోలు వచ్చిందనీ పెద్దలు చెప్పే కథ. కాలం సరిపోతుంది, తెచ్చినవాళ్లూ సరిపోతారు. అయినా నేను ఒప్పుకోను. శ్రీను సీను అయినట్టు శ్రీ సి అవుతుంది, కాకుళం నోట్లో నలిగి క్కోలు అవుతుంది. శ్రీకాకుళం నుంచి సిక్కోలుకు మామూలు దారి ఉండగా సంచులు విప్పనక్కర్లేదు. కథ చెప్పుకోండి, పిల్లలకు చెప్పండి. నోట్‌బుక్‌లో మాత్రం 'కథ' అని పక్కన రాయండి.

నోట్‌బుక్ అన్నాను కాబట్టి చెప్తున్నాను. ఎడమ పేజీ ఖాళీగా వదలండి. కుడి పేజీలో మాట, పక్క భాషల్లో దాని రూపాలు, ఎవరు తెచ్చారు, ఇప్పటి అర్థం. ఎడమ పేజీలో తరువాత తెలిసినవి. పెన్సిల్‌తోనే రాయండి, చెరపాల్సి వస్తుంది.

ఇక మీ పని. ఈసారి కొంచెం బరువే. ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున పాత దస్తావేజు ఏదైనా ఉంటుంది. మొదటి పేజీ మాత్రం తీసుకోండి. ప్రతి మాటకూ పుట్టిల్లు వెతకండి. సదరు, హద్దు, తర్‌ఫున, రాజీఖుషీ, చెక్కుబందీ, భుక్తము, క్రయము, పొలము, గట్టు, ఏదీ వదలొద్దు. భుక్తం ముక్తంలా ఉందని మళ్లీ కంగారు పడొద్దు, అది సంస్కృతమే, అనుభవించినది. దస్తావేజు లేనివాళ్లు పక్కింట్లో అడిగి చూసి, అక్కడే రాసుకుని, కాగితం వెంటనే తిరిగి ఇచ్చేయండి.

జవాబు ఒక్క పోస్టుకార్డులో పట్టాలి. పోయినసారి నాలుగు వాక్యాలు అడిగితే కొందరు నాలుగు పేజీలు పంపారు. సామోస్ దీవి నుంచి తరిమేయబడినవాళ్లు స్పార్టాకు సాయం కోసం వచ్చి చాలాసేపు మాట్లాడితే, "మొదట చెప్పింది మరిచిపోయాం, చివర చెప్పింది అర్థం కాలేదు" అన్నారట స్పార్టా వాళ్లు. రెండోసారి ఆ సామోస్ వాళ్లు ఖాళీ సంచి పట్టుకొచ్చి "సంచికి పిండి కావాలి" అని ఊరుకున్నారు. దానికీ "సంచి అనే మాట అక్కర్లేదు" అన్నారని పాత గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. సంచి కళ్ల ముందే ఉంది కదా. అయినా సాయం చేశారు. మీ కార్డులో ఏ మాట కళ్ల ముందున్న సంచి లాంటిదో చూసి, దాన్ని కొట్టేసి పంపండి.

ఎనిమిదో పాఠం 'చమత్కారం'. ముందే చెప్తున్నాను, అందులోని కారం మిరపకాయది కాదు. నమస్కారంలో, ఉపకారంలో ఉన్నదే. మొదటి ముక్క 'చమత్' ఏమిటో మీరే ఆలోచించి రండి. చింతపండు పులుసు రుచి చూసినప్పుడు నాలుక చేసే శబ్దాన్ని ఒకసారి జాగ్రత్తగా వినండి.